మీకు తెలుసా? క్షీరసాగరం పక్కన నెల రోజుల కళోత్సవం

బాలి వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. సముద్రం, ఊయల, తానా లోత్ గుడి, ఉబుద్ వరిమడులు. ఆ దీవి రాజధాని డెన్‌పసార్‌ని మాత్రం చాలామంది కారు అద్దంలోంచి చూసి వదిలేస్తారు. ఆ ఊళ్లోనే నుసా ఇందా వీధిలో సుమారు 5 హెక్టార్ల స్థలంలో తమన్ బుదాయ అనే సాంస్కృతిక వనం ఉంది. ఊరంతా దాన్ని ఆర్ట్ సెంటర్ అనే అంటుంది. ఏటా జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాకా అక్కడ బాలి కళోత్సవం జరుగుతుంది. అధికారికంగా దాని పేరు పెస్తా కెసెనియన్ బాలి. జనం నోట పొట్టిగా 'పేకాబే'. 1979లో మొదలైంది. మీ ప్రయాణం ఆ నెలలో పడితే, బీచ్‌కి రాసిపెట్టుకున్న సాయంత్రాల్లో రెండు మూడు దీనికి ఇవ్వండి. ఎందుకు ఇవ్వాలో కిందున్న కబుర్లు చెబుతాయి.

తోట మొత్తం ఒకే కథ

ఆర్ట్ సెంటర్‌కి నమూనా గీసిన వాస్తుశిల్పి ఇదా బాగుస్ తుగుర్. ఆయన మనసులో పెట్టుకున్నది క్షీరసాగర మథనం, మందరగిరిని కవ్వంగా చేసి పాలకడలిని చిలికిన కథ. అందుకే అక్కడి పెద్ద థియేటర్ పేరు క్షీరార్ణవ. వేలమంది కూర్చునే ఆరుబయటి రంగస్థలం పేరు అర్ధచంద్ర. చిన్న వేదికల్లో ఒకటి అయోధ్య, ఇంకొకటి రత్నకాండ, మరొకటి అంగ్సోక. బోర్డులు చదువుకుంటూ నడిచే తెలుగువాళ్లకు అక్కడ గైడుతో పనిలేదు.

అర్ధచంద్ర వేదిక వెనక తెర ఉండదు. కొండను నిలువునా చీల్చి రెండు ముక్కలూ పక్కకు జరిపినట్టుండే చాండి బెంతార్ ద్వారం ఉంటుంది. రాముడైనా రావణుడైనా ఆ చీలికలోంచే మెట్లు దిగి వస్తారు. రాతి మెట్ల మీద కూర్చుని చూడటమే. పైన కప్పు లేదు. జూన్, జూలై అక్కడ వానల్లేని నెలలు, రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి అదే మేలు.

రెండు పార్కులు, ఒక కథకు ముందూ వెనకా

బాలిలో కల్చరల్ పార్క్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇది కాదు, దక్షిణాన ఉంగాసాన్ కొండమీది గరుడ విష్ణు కెంచన. శిల్పి ఞోమన్ నువార్తా రూపొందించిన గరుడవాహనుడైన విష్ణుమూర్తి విగ్రహం అక్కడుంది. పీఠంతో కలిపి ఎత్తు 121 మీటర్లు. పైపొర అంతా రాగి, ఇత్తడి రేకులు. బాండుంగ్‌లో ముక్కలుగా చేసి బాలికి తెచ్చి అతికారు. పని 1990లలో మొదలైంది. 1998 ఆర్థిక సంక్షోభం దెబ్బకు ఆగింది. చివరికి 2018లో పూర్తయింది.

ఆదిపర్వం చదువుకున్నవాళ్లకు మాత్రమే తట్టే సంగతి ఒకటుంది. పాలకడలిని చిలికితే ఉచ్చైఃశ్రవం అనే తెల్ల గుర్రం పుట్టింది. ఆ గుర్రం తోక తెలుపా నలుపా అని కద్రువ, వినత పందెం కాశారు. కద్రువ కపటం వల్ల వినత ఓడి దాసి అయింది. తల్లిని విడిపించడానికి గరుత్మంతుడు అమృతం తేబోయాడు, ఆ దారిలోనే విష్ణువు వాహనమయ్యాడు. అంటే డెన్‌పసార్ ఆర్ట్ సెంటర్ దగ్గర మొదలైన కథ ఉంగాసాన్ కొండ మీద ముగుస్తుంది. కట్టినవాళ్లు వేరు, కాలాలు వేరు. అయినా ఒకే రోజు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చూస్తే కథ వరుస కుదురుతుంది. ముందు ఆర్ట్ సెంటర్‌కి వెళ్లాలి, అంతే.

శాంతినికేతన్ విద్యార్థి

ఈ తోటకీ ఈ ఉత్సవానికీ మూలపురుషుడు ఇదా బాగుస్ మంత్ర. ఠాగూర్ 1927లో బాలి చూసి వెళ్లాడు. తర్వాతి తరంలో మంత్ర బాలి నుంచి బయల్దేరి శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో చదువుకున్నారు. ఇండోనేషియా ప్రభుత్వంలో సంస్కృతి శాఖ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆర్ట్ సెంటర్ 1973లో ప్రారంభమైంది. 1978లో ఆయన బాలి గవర్నర్ అయ్యారు. మరుసటి ఏడే మొదటి కళోత్సవం. ఆ తర్వాత కొంతకాలం భారతదేశంలో ఇండోనేషియా రాయబారిగానూ ఉన్నారు.

ఒక గవర్నర్ ముచ్చటపడి పెట్టిన పండగలు ఆ గవర్నర్‌తోపాటే వెళ్లిపోవడం ఎక్కడైనా మామూలే. ఇది పోలేదు. 1986లో ప్రాంతీయ శాసనం చేసి ఏటేటా జరిపి తీరాలని రాసుకున్నారు. తర్వాత ఎవరొచ్చినా ఆపలేదు. కొవిడ్ వల్ల 2020లో ఒక్కసారి రద్దయింది. మరుసటి ఏడాదే మళ్లీ మొదలుపెట్టారు.

మన కోసం కాదు, వాళ్ల కోసం

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఉత్సవం ఎందుకు పుట్టిందో తెలియకపోతే చూసేదంతా పర్యాటకుల ప్రదర్శన అనిపిస్తుంది.

1970ల నాటికి బాలికి విమానాల్లో జనం దిగడం జోరందుకుంది. గుడిలో దేవుడి ముందు చేసే నాట్యాలను హోటల్లో భోజనాల మధ్య గంటకు కుదించి చూపించడం మొదలైంది. అది చూసి పెద్దలకు గుండె గుభేలుమంది. 1971లో డెన్‌పసార్‌లో పండితులు, కళాకారులు కూర్చుని పవిత్ర కళ ఏది, వినోద కళ ఏది అని తర్జనభర్జన పడ్డారు. చివరికి మూడు తరగతులు చేశారు. గుడి లోపలి ఆవరణలో దేవుడి కోసమే చేసేది వాలి. పూజకు తోడుగా కథ చెప్పేది బెబాలి. బయటి ఆవరణలో జనం చూసి ఆనందించేది బాలిహ్-బాలిహన్. 2015లో యునెస్కో బాలి నాట్యాలను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ మూడు తరగతులనే తీసుకుంది. ఒక్కోదాంట్లో మూడేసి, మొత్తం తొమ్మిది నాట్యాలు.

కళోత్సవంలో ప్రధానంగా కనిపించేది మూడో తరగతి. చూసేవాళ్లలో విదేశీయులు తక్కువ. తలకు ఉదెంగ్ చుట్టుకున్న తాతలు, మనవరాలు ఆడుతుందని మోటార్‌సైకిల్ మీద వచ్చిన కుటుంబాలు, పోటీలో తమ జిల్లా గెలవాలని గొంతు చించుకునే కుర్రాళ్లు. ప్రదర్శనలకు టికెట్ లేదు. నా మటుకు దీన్ని మించిన ఆకర్షణ వేరే అక్కర్లేదు. ఒక జాతి తన కళను తనకోసం ఆడుకుంటుంటే పక్కన కూర్చుని చూడనివ్వడం చాలా పెద్ద మర్యాద.

ఊరేగింపులో స్వాతంత్ర్య దినం

ప్రారంభం రోజు ఊరేగింపు డెన్‌పసార్‌లోని రెనోన్ మైదానంలో, బజ్ర సంధి స్మారకం ముందు సాగుతుంది. ఆ కట్టడం పురోహితుడి చేతిలోని గంట ఆకారంలో ఉంటుంది. దానికీ ఆధారం మందరగిరి కథే. మెట్లు 17, స్తంభాలు 8, ఎత్తు 45 మీటర్లు. 17-8-1945 ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు.

ఊరేగింపులో 8 జిల్లాలు, డెన్‌పసార్ నగరం, మొత్తం తొమ్మిది బృందాలు తమ తమ ప్రత్యేకతలతో కదులుతాయి. ముందు బలెగంజుర్, అంటే నడుస్తూ వాయించే గంటలు, తాళాలు, డోళ్లు. వెనక ఆడవాళ్లు తలమీద పళ్లూ పూలూ పిండివంటలతో గోపురంలా పేర్చిన గెబోగన్‌లు మోస్తూ నడుస్తారు. చేత్తో పట్టుకోకుండా నడిచేవాళ్లూ ఉంటారు. బోనాలు మోసే అక్కాచెల్లెళ్లను చూసిన కళ్లకు ఆ మెడ నిలకడ విలువ తెలుస్తుంది.

ఎదురెదురుగా రెండు ఊళ్లు

ఉత్సవంలో అన్నిటికన్నా పోటెత్తే రాత్రి ఏదంటే గొంగ్ కెబ్యార్ అనే జోరైన వాద్య సంగీతపు పోటీ రాత్రి. ఒకే వేదిక మీద ఒక పక్క ఒక జిల్లా గమెలాన్, అంటే కంచు వాద్యాల బృందం, ఎదురుగా ఇంకో జిల్లా గమెలాన్. వీళ్లొకటి వాయిస్తే వాళ్లొకటి. దీన్ని మెబారుంగ్ అంటారు. ఒక్కో బృందంలో పాతిక, ముప్ఫై మంది. అందరూ ఒకే రంగు బట్టల్లో, కాళ్లు మడిచి నేల మీదే కూర్చుంటారు. కండక్టర్ ఉండడు, ముందు కాగితాలుండవు. జంట డోళ్లలో ఒకటి మగది, ఒకటి ఆడది. వాటిని వాయించేవాళ్ల భుజం కదలికే సైగ.

ఒక వాద్యకారుడి చేతుల్నే చూస్తూ కూర్చోండి. గంగ్సా అనే వాద్యానికి పది కంచు పలకలు. కుడిచేతిలో చిన్న కొయ్య సుత్తి. అది ఒక పలకను కొట్టి తర్వాతిదాని మీదికి వెళ్లేలోపు ఎడమచేతి వేళ్లు ముందు పలకను పట్టుకుని నాదం ఆపెయ్యాలి. లేదంటే పాత స్వరం కొత్త స్వరంలో కలిసి అంతా మసకబారుతుంది. కుడిచెయ్యి ఎంత వేగమో ఎడమచెయ్యీ అంత వేగం, కానీ ఒక స్వరం వెనక. ఇది చాలదన్నట్టు, మనకు ఒక్కరే వాయిస్తున్నట్టు వినిపించే జోరు గమకం నిజానికి ఇద్దరిది. ఒకరు కొట్టని సందుల్లో రెండోవాళ్లు కొడతారు. ఆ అల్లికను కొతెకన్ అంటారు. ఒకరు తడబడితే ఇద్దరి పనీ పోయినట్టే.

ఆ కంచు నాదం గాల్లో వణుకుతున్నట్టు ఎందుకుంటుందో తెలుసా? పలకల వాద్యానికి జోడీ ఉంటుంది. రెండిట్లోనూ అదే స్వరం, కానీ ఒకటి రవ్వంత హెచ్చు, ఒకటి రవ్వంత తగ్గు. రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు అయిదు నుంచి ఎనిమిది దాకా నాదపు అలలు పుడతాయి. ఆ అలలు లేని గమెలాన్‌కి ప్రాణం లేదంటారు బాలివాళ్లు. పైగా ఒక ఊరి గమెలాన్ శ్రుతి ఇంకో ఊరి గమెలాన్‌కి కలవదు. పక్క ఊరి నుంచి ఒక వాద్యం అరువు తెచ్చుకుని వాయిద్దామంటే కుదరదు. క్లుంగ్‌కుంగ్ జిల్లా తిహింగన్‌లో గంటలు పోసే కంచరులు ఒక్కో ఊరికి ఒక్కో శ్రుతి సరిచేసి ఇస్తారు.

ప్రేక్షకులు మాత్రం మన కచేరీ శ్రోతల్లా తలూపరు. తమవాళ్లు గట్టిగా ముగిస్తే అరుస్తారు, అవతలివాళ్లు జారితే ఇంకా గట్టిగా అరుస్తారు. అందులో ప్రతి కేకా తెలిసిన చెవి వేసే కేక.

వందేళ్లే

గొంగ్ కెబ్యార్ పురాతనమైనదని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది 1915 ప్రాంతంలో, ఉత్తర బాలిలోని బులెలెంగ్‌లో. 1906లో బదుంగ్, 1908లో క్లుంగ్‌కుంగ్ రాజవంశాలు డచ్చివాళ్ల తుపాకులకు ఎదురెళ్లి ప్రాణాలిచ్చాయి. రాచకొలువులు పోయాయి. ఆస్థానాల్లో నెమ్మదిగా మోగిన గమెలాన్‌ల కంచును చాలాచోట్ల కరిగించి కొత్త వాద్యాలు పోసుకున్నారు. అవి ఊళ్లవాళ్ల చేతుల్లోకి వచ్చాయి. సంగీతం వేగం మారిపోయింది. కెబ్యార్ అంటేనే భగ్గుమని లేచే మంట వంటిది. 1925లో ఇ కెతుత్ మార్యా అనే నర్తకుడు ఆ సంగీతానికి కూర్చునే ఆడే నాట్యం కెబ్యార్ దుదుక్ సృష్టించాడు. మారియో అని లోకానికి తెలిసింది ఆయనే. 1952లో విదేశీ యాత్ర కోసం ఆయనే కూర్చిన ఓలెగ్ తములిలింగన్, ఆడా మగా తుమ్మెదల సరసం, ఇప్పుడు బడిపిల్లలకు కూడా వచ్చు.

1928లో ఓడియన్, బెకా కంపెనీలు బాలి సంగీతాన్ని గ్రామఫోన్ రికార్డులుగా తెచ్చాయి. బాలిలో అవి పెద్దగా అమ్ముడుపోలేదు. వాటిలో కొన్ని విన్న కెనడా సంగీతకారుడు కాలిన్ మెక్‌ఫీ 1931లో ఏకంగా బాలికే వచ్చేశాడు. ఏళ్ల తరబడి ఉండి స్వరాలు రాసుకున్నాడు. ఆ పాత రికార్డులను ఈ మధ్య వెతికి శుభ్రం చేసి బాలివాళ్లకే తిరిగి అందించారు. తాతల వాయింపు విని మనవలు మర్చిపోయిన బాణీలు మళ్లీ పట్టుకుంటున్నారు.

కెచక్ సంగతీ ఇంతే. వందమంది మగవాళ్లు చుట్టూ కూర్చుని 'చక్ చక్' అంటూ చేసే రామాయణం 1930లలో జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్, బాలి నర్తకుడు వయన్ లింబాక్ కలిసి మలిచింది. మూలం సంగ్హ్యాంగ్ అనే ఆవాహన పూజలోని మగవాళ్ల కోరస్. కొత్తదైనంత మాత్రాన తక్కువదని కాదు.

అమ్మల చేతికి సుత్తి

ఒకప్పుడు గమెలాన్ మగవాళ్ల పని. ఆడవాళ్లు నాట్యం చేసేవాళ్లు, వాద్యం ముట్టేవాళ్లు కాదు. 1980లలో ఆడవాళ్ల బృందాలు తలెత్తాయి. ఆ దశకం మధ్యలో కళోత్సవంలో వాళ్లకు ప్రత్యేక పోటీ పెట్టారు. ఇప్పుడు గొంగ్ కెబ్యార్‌లో పెద్దలు, ఆడవాళ్లు, పిల్లలు అని మూడు విభాగాలు. సాయంత్రాలు ఎంచుకోవాల్సి వస్తే పిల్లల పోటీని వదలొద్దు.

వెదురు ఉరుము

పడమటి జిల్లా జెంబ్రానా ప్రత్యేకత జెగొగ్. కంచు బదులు వెదురు గొట్టాలు. అన్నిటికన్నా పెద్ద గొట్టం మూడు మీటర్ల దాకా పొడవుంటుంది. వాయించేవాళ్లు వాద్యం పైకెక్కి పెద్ద సుత్తులతో మోదుతారు. ఆ నాదం చెవికన్నా ముందు ఛాతీకి తెలుస్తుంది.

కవి భాష, చాకరి భాష

బాలి తోలుబొమ్మలాటలో దేవతలు, రాజులు మాట్లాడేది పాత జావా భాష. దాన్ని కవి అంటారు. చూసేవాళ్లలో చాలామందికి అది అర్థం కాదు. అందుకే రాజుగారి పక్కన ఎప్పుడూ ఇద్దరు సేవకులుంటారు. మంచివాళ్ల వైపు త్వలెన్, మెర్దా. చెడ్డవాళ్ల వైపు దెలెం, సంగుత్. రాజు పలికిన గంభీరవాక్యాన్ని వీళ్లు మామూలు బాలి భాషలో విడమరిచి, మధ్యలో హాస్యమాడి, వీలైతే ఊరి రాజకీయాలు కూడా దూర్చేస్తారు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క లేకపోతే ఆట ఎలా నడవదో, అక్కడా అంతే. అన్ని బొమ్మలకూ దలంగ్, అంటే బొమ్మలాడించేవాడు, ఒక్కడిదే గొంతు. కొబ్బరినూనె దీపం వెనక కూర్చుని, కాలివేళ్ల మధ్య కొయ్యముక్క ఇరికించుకుని పెట్టె మీద తాళం వేస్తూ, చేతులతో బొమ్మలాడిస్తాడు.

కళోత్సవంలో పెద్ద రాత్రుల్లో సెంద్రతారి ఉంటుంది. వందలమంది నటులు మాట లేకుండా అభినయిస్తుంటే, పక్కన కూర్చున్న దలంగ్ అందరి మాటలూ తానే పలుకుతాడు. భాష రాకపోయినా ఫరవాలేదు. భీముడు ఎవరో, శకుని ఎవరో నడకలోనే తెలిసిపోతుంది.

నన్నయ్యకు ముందే

తెలుగు పాఠకుడిగా నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి ఇది. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు కోరగా నన్నయ్య భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో. సరిగ్గా అలాంటి కోరికే అంతకు కొన్ని దశాబ్దాల ముందు సముద్రానికి అవతల ఇంకో రాజుకు కలిగింది. తూర్పు జావాను ఏలిన ధర్మవంశ తెగుహ్ వ్యాసభారత పర్వాలను తన ప్రజల భాషలో రాయించాడు. వాటిలో విరాటపర్వాన్ని 996లో సభలో రోజూ కొంత కొంత చదివి వినిపించారని ఆ గ్రంథమే చెబుతుంది. నన్నయ్య పద్యం, గద్యం కలిపాడు. జావా కవులు గద్యమే రాశారు, కానీ మధ్యమధ్యలో సంస్కృత శ్లోకపాదాలను అలాగే ఉంచి కింద వివరించారు.

ధర్మవంశుడి అల్లుడు ఐర్లంగ బాలి రాజు ఉదయనుడి కొడుకు. తర్వాత జావాలో రాజ్యాలు మారాయి, మతం మారింది. ఆ తాటాకు గ్రంథాల్లో చాలా భాగం నిలిచింది బాలిలోనే. బ్రాహ్మణ ఇళ్లలో, రాజగృహాల్లో తరతరాలుగా మళ్లీ మళ్లీ రాసుకుంటూ కాపాడారు. ఆర్ట్ సెంటర్‌లో ఈ రోజు ఆడే సముద్రమథనం, గరుడోపాఖ్యానం ఆ ఆదిపర్వం నుంచి వచ్చినవే. నన్నయ్య ఆదిపర్వంలోనూ అవే కథలు ఉన్నాయి. ఒకే మూలం నుంచి, ఒకే శతాబ్దపు ముందు వెనకల్లో, రెండు తీరాల మీద రెండు భాషలు భారతాన్ని తమ ఇంటిదిగా చేసుకున్నాయి.

కత్తితో రాసే పిల్లలు

ఉత్సవంలో తాటాకు మీద రాసే పోటీ కూడా ఉంటుంది. బడిపిల్లలు బాసింపట్టు వేసుకుని, ఎడమచేతిలో ఆకు పట్టుకుని, పెంగ్రుపాక్ అనే చిన్న కత్తి మొనతో అక్షరాలు చెక్కుతారు. మన ఘంటం సూదిగా ఉంటుంది, వాళ్లది పలుచని కత్తి. చెక్కినప్పుడు ఆకు మీద ఏమీ కనిపించదు. కాల్చిన కెమిరి గింజల మసి రుద్ది తుడిచేస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం బయటపడుతుంది. గుండ్రటి ఆ లిపి బ్రాహ్మి నుంచి దక్షిణ భారతం మీదుగా వెళ్లింది. హల్లు కింద ఇంకో హల్లు వేలాడదీయడం చూడండి. మన ఒత్తుల్లాగే ఉంటాయి. సింగరాజా పట్టణంలో 1928లో పెట్టిన గెడొంగ్ కీర్త్యా గ్రంథాలయంలో ఇలాంటి తాటాకు ప్రతులు వేలల్లో ఉన్నాయి.

తెంగనన్, పుట్టపాక

చేతిపనుల ప్రదర్శనలో గెరింగ్‌సింగ్ గుడ్డ కనిపిస్తే ఆగండి. బాలి తూర్పున తెంగనన్ అనే ఒకే ఒక్క ఊళ్లో నేస్తారు. నిలువు పోగునూ అడ్డపోగునూ రెండిటినీ ముందే ముడులు కట్టి, రంగులు వేసి, నేసేటప్పుడు రెండు డిజైన్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం దీని పద్ధతి. దీన్ని డబుల్ ఇక్కత్ అంటారు. ప్రపంచంలో ఇది తెలిసిన చోట్లు చాలా తక్కువ. వాటిలో ఒకటి యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక.

పోలిక అక్కడితో ఆగదు. పుట్టపాక తేలియా రుమాలుకి నూలును నువ్వులనూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెడతారు. నూనె పట్టిన నూలు ఎరుపు రంగును వదలకుండా పట్టుకుంటుంది. తెంగనన్‌లోనూ నూలును కెమిరి గింజల నూనె, చెక్క బూడిద కలిపిన నీళ్లలో వారాల తరబడి నానబెడతారు. ఎరుపుకు మెంగ్‌కుడు చెట్టు వేరు బెరడు. నీలం రంగు మాత్రం ఆ ఊళ్లో వేయరు, అది అక్కడ నిషిద్ధం. పక్కనున్న బుగ్‌బుగ్‌లో వేయించుకొస్తారు. ఒక్క గుడ్డ పూర్తికావడానికి ఏళ్లు పడుతుంది. పళ్లు అరగదీసే వేడుకకీ, పెళ్లికీ, గుడి పండక్కీ అదే కట్టుకుంటారు. ధర విని బేరమాడకండి. నచ్చితే కొనండి, లేదంటే చేతులు శుభ్రంగా తుడుచుకుని ఒకసారి తాకి చూడండి, అడిగితే నేతగత్తెలు కాదనరు.

ఆరేళ్ల వరస

ఏటా ఉత్సవానికి ఒక అంశం ఉంటుంది. ఈ మధ్య ఆరేళ్లు 'సద్ కెర్తి' అనే ఆరు విషయాలను వరసగా తీసుకున్నారు. ఆత్మ (ఇదే 2020లో రద్దయింది), 2021లో అడవి, 2022లో మంచినీళ్లు, 2023లో సముద్రం, 2024లో మనిషి, 2025లో జగత్తు. ఆ ఏడాది కొత్త నాట్యం కూర్చినా, కొత్త రాగం కట్టినా ఆ అంశాన్నే తీసుకోవాలి. మంచినీళ్ల ఏడాదిలో బతూర్ చెరువు కథలు, సముద్రం ఏడాదిలో జాలరుల నాట్యాలు. 

తిండి

తోటలో తినుబండారాల వరస ఉంటుంది. సాతే లిలిత్ చేపతోనో కోడితోనో, లావార్ ఎక్కువగా పంది మాంసంతో చేస్తారు. శాకాహారులకు తిపత్ చంతోక్ ఉంది. ఆకుల బుట్టలో ఉడికించిన అన్నం ముక్కలు, కూరగాయలు, వేరుశనగ పచ్చడి. ఆ పచ్చడిలో తెరాసి, అంటే ఎండు రొయ్యల ముద్ద, వేశారా అని ముందే అడగండి. బియ్యప్పిండితో మట్టి పెంకుల మీద పోసే లక్‌లక్ తియ్యగా, పైన కొబ్బరి, బెల్లం పాకంతో ఉంటుంది. అది ఎవరైనా తినొచ్చు.

వెళ్లేముందు

బాలి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. పగలు ప్రదర్శనలు ఉదయం నుంచే చిన్న వేదికల మీద మొదలవుతాయి, పెద్దవి రాత్రి భోజనవేళకు. ఆ రోజు ఏ జిల్లా, ఏ వేదిక అనే జాబితాను ఉత్సవానికి ముందే ప్రకటిస్తారు. గొంగ్ కెబ్యార్ రాత్రి అర్ధచంద్రలో చోటు కావాలంటే మొదలయ్యే వేళకు గంట ముందే వెళ్లి కూర్చోవాలి. మెట్ల మీద వేసుకోవడానికి ఒక దుప్పటి ముక్క, పిల్లలుంటే స్వెట్టర్ తీసుకెళ్లండి. కూతా నుంచి సాయంత్రం వాహనాల రద్దీ ఎక్కువ, ఒక్క రోజుకైనా డెన్‌పసార్‌లోనే బస చేయడం నయం.

ఉత్సవం లేని నెలల్లో వెళ్తే తోట నిశ్శబ్దంగా ఉంటుంది. పక్కనే కళల విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి విద్యార్థుల సాధన వినిపించే అవకాశం ఉంది.